నేను తిప్పని పేజీ

ఐదేళ్ళుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. మామూలు ప్రింటు కాగితం, మధ్యకి ఒకసారి మడిచింది. ఈ ఐదేళ్ళలో మూడిళ్ళు మారాను. ప్రతిసారీ సామానంతటిలోకీ అదే ఎక్కువ బరువనిపించింది. ఈ వాక్యం కాస్త నాటకంలా ఉందని నాకూ తెలుసు. ఫ్రిజ్‌ని ప్యాకర్స్ వాళ్ళు మోశారు, కాగితాన్ని నేను మోశాను. తేడా అంతే.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోతే మొదటి మాటకే నవ్వేస్తారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకి అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. చేసిన తప్పు కూడా ఆ నవ్వు చాటునే చేశాను. కాబట్టి మీరు మాత్రం కొంచెం ఓపిక పట్టి, నేను జోకు వేసినప్పుడల్లా నవ్వకుండా చదవండి. కష్టమేమీ కాదు. నా జోకులు అంత గొప్పవేం కావు.

హైటెక్ సిటీలో కంప్యూటర్ గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తాను. అప్పట్లో మేము పాత దక్కను కోటల కాలం మీద ఒక యుద్ధాల ఆట తయారుచేస్తున్నాం. ఆటగాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక కోట, ఒక సైన్యం ఉంటాయి. సైన్యం యుద్ధం చేసిన కొద్దీ దానికి అనుభవం వస్తుంది. అనుభవం పెరిగితే జెండా మీద నక్షత్రం పడుతుంది. నక్షత్రాలెక్కువ ఉన్న సైన్యం గట్టిగా కొడుతుంది, తొందరగా పారిపోదు. ఎంత యుద్ధానికి ఎంత అనుభవం రావాలో తేల్చడం నా పని. ఇరవై నాలుగేళ్ళవాడిని. అప్పటికి నేను చేసిన అతిపెద్ద యుద్ధం కొండాపూర్‌లో ఇంటి ఓనరుతో నీళ్ళ మోటారు గురించి. అయినా సేనాపతులకి అనుభవం పంచేవాడిని.

నా పద్ధతి సులువైనది. శత్రువుని చంపితే పాయింట్లు. ఎంతమందిని చంపితే అన్ని పాయింట్లు. దీంతో వచ్చే చిక్కు కూడా సులువైనదే. మొదటి యుద్ధం గెలిచినవాడు రెండోది సునాయాసంగా గెలుస్తాడు, మూడోది నిద్రలో గెలుస్తాడు. గంట గడిచేసరికి ఒక్కడు రాజు, మిగతావాళ్ళు ప్రేక్షకులు. పాయింట్లు తగ్గిస్తే తలపండిన సైనికుడికీ నిన్న చేరినవాడికీ తేడా లేకుండా పోయేది. ఎనిమిది నెలలపాటు అంకెలు పెంచాను, తగ్గించాను, మళ్ళీ పెంచాను. మీటింగులో ఎవరైనా అడిగితే ఒక జోకు వేసేవాడిని. అందరూ నవ్వేవారు, వారం గడిచేది.

అప్పుడు శ్రీశైలం వచ్చాడు.

టెస్టర్‌గా, కాంట్రాక్టు మీద వచ్చాడు. పాలమూరు వైపు ఊరు. వాళ్ళ నాన్న నార్సింగిలో లేస్తున్న టవర్ల మీద తాపీ మేస్త్రీ. తండ్రీకొడుకులిద్దరూ అక్కడే ఒక గదిలో కిరాయికుండేవారు. ఆటని విరగ్గొట్టడం, ఎక్కడ విరిగిందో రాసిపెట్టడం టెస్టర్ పని. నా లెక్కలని అతను రోజుకి నాలుగుసార్లు విరగ్గొట్టేవాడు. అదీ చాలా మర్యాదగా.

"అన్నా, ఊర్లల్ల రైతులను కొట్టుకుంట పోతే గూడ నక్షత్రాలొస్తున్నయ్. ఒక్క సిపాయి గూడ ఎదురు రాలే, నా సైన్యం శూరులైపోయిండ్రు. జర చూడు."

చూశాను. నిజమే. "రైతుల దగ్గర కూడా నేర్చుకోవాల్సింది ఉంటుందిలే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శ్రీశైలం కూడా నవ్వాడు. నవ్వి, రాసిపెట్టుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా టీమ్ లీడ్ వసుధ గారు, నేను, ఇంకో ఇద్దరు తింటున్నాం. శ్రీశైలం తన జొన్నరొట్టెల డబ్బా పక్కకి జరిపి, మజ్జిగ గ్లాసు ముందుకు తెచ్చాడు. "ఇది పాత సైన్యం మేడం. నాలుగు లడాయిలు చూసింది." సగం తాగాడు. "సగం మంది చచ్చిండ్రు." గ్లాసు నిండా నీళ్ళు పోశాడు. "కొత్తోళ్ళను కలిపినం. ఇప్పుడు చెప్పుండ్రి, నక్షత్రాలు అన్నే ఉంటయా?"

వసుధ గారు చెంచా కింద పెట్టారు. "మరి కొత్తవాళ్ళు ఎప్పటికీ నీళ్ళేనా?"

"కాదు మేడం, ఒక పూట ఆగాలె. మా నాయిన దగ్గరికి కొత్త కూలోడొస్తే సీదా గోడ మీదికి ఎక్కియ్యరు. పాతోని పక్కపొంటి కొన్ని దినాలు నిలవెడ్తరు. గట్ల నిలవెట్టకుంటే కొత్తోని పని ఖరాబు, వాన్ని చూసుకుంట పాతోని పని గూడ ఖరాబు. సైన్యం గూడ అంతే గదా. గెలిచినంక కోటల ఒక పూట ఉంటే పాతోళ్ళు కొత్తోళ్ళకు నేర్పుతరు. ఆగకుంట ఉరికిస్తే అంత పల్సనైతది."

ఆ మాట వినగానే నాకు అర్థమైపోయింది. ఎనిమిది నెలల నా చిక్కు ఒక గ్లాసులో విడిపోయింది. గెలిచినవాడు కూడా ఆగాల్సిందే. ఆగితే ఓడినవాడికి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. ఇంకేం కావాలి?

నేనేమన్నానో తెలుసా? "నీళ్ళు తోడుకోవు శ్రీశైలం" అన్నాను.

అందరూ నవ్వారు. అతను తడుముకోలేదు. "అవునన్నా, పాలు పొయ్యాల్సింది. గానీ గీ క్యాంటీన్ల పాలు గూడ నీళ్ళే గదా" అన్నాడు. ఈసారి వచ్చిన నవ్వు నాకొచ్చినదానికంటే పెద్దది. పక్క టేబుల్ దాకా వెళ్ళింది. వసుధ గారు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదండీ?" అన్నారు.

మనకి. ఎనిమిది నెలలు కూర్చున్నది నేను. తట్టలేదన్న మాటలో మాత్రం 'మనకి'.

ఆ రోజు నుంచి కడుపులో మంట మొదలైంది. ఎసిడిటీ అనుకుని కొన్నాళ్ళు మాత్రలు మింగాను, నిజంగానే. తగ్గలేదు. అసూయ గురించి ఒక విషయం చెప్పాలి. దానికి రుచీ పచీ ఉండదు, ఏది దొరికితే అది తింటుంది. అతనికొచ్చిన ఆలోచన మీద అసూయ పడ్డాననుకోండి, ఏదో ఒక స్థాయి ఉందనుకోవచ్చు. నేను అతని జొన్నరొట్టె మీద పడ్డాను. హౌస్‌కీపింగ్ అక్క అతనికోసం టీ విడిగా తీసిపెట్టడం మీద పడ్డాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని పేరుపెట్టి పిలుస్తాడు, నన్ను మాత్రం రోజూ ఐడీ కార్డు చూపించమంటాడు. దాని మీద కూడా పడ్డాను. వాళ్ళ నాన్న మీద కూడా. మా నాన్న ప్రభుత్వాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఆయన పని నుంచి నాకు ఒక్క ఆలోచన కూడా రాలేదేమిటని, కాకినాడకి ఫోన్ చేసి కారణం లేకుండా విసుక్కున్నాను. పాపం, ఆయన కరెంటు బిల్లు గురించేమో అనుకున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. ఆ నెలలో డిజైనర్ పోస్టు ఒక్కటే ఖాళీ ఉంది. అది నాదే అనుకుంటున్నాను. అందరూ అదే అనుకుంటున్నారు. క్యాంటీన్ తర్వాత ఆ అనుకోవడం సన్నగిల్లింది.

వసుధ గారు అతని పద్ధతిని శుక్రవారం పరీక్షకి పెట్టమన్నారు.

మా శుక్రవారం పరీక్ష సంగతి మీకు చెప్పాలి, తప్పంతా అందులోనే ఉంది. ప్రతి శుక్రవారం పొద్దున ఆటతో సంబంధం లేని పదిమందిని, మార్కెటింగ్ నుంచో రిసెప్షన్ నుంచో పిలిచి ఆడిస్తాం. ఎవరి ఆలోచనని పరీక్షిస్తున్నామో ఆ మనిషి గోడ దగ్గర నిలబడాలి. నోరు విప్పకూడదు. సైగ చేయకూడదు. ఎందుకంటే ఆట అమ్ముడయ్యాక ఎవరి ఇంట్లోనూ తయారుచేసినవాళ్ళు గోడ దగ్గర నిలబడి వివరించరు కదా. ఆట నియమాలు ఒక కాగితం మీద రాసివ్వాలి. వేరే ఎవరైనా దాన్ని గట్టిగా ఒక్కసారి చదువుతారు. తర్వాత ఆట మొదలు. మంచి పద్ధతే. చదివేవాడు మంచివాడైతే.

శ్రీశైలం కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "నువ్వే చదువన్నా. నువ్వు చదివితే నవ్వుకుంట ఇంటరు."

కాగితానికి రెండు వైపులా రాశాడు. ముందు వైపు కోటలు, జెండాలు, దాడి ఎలా చేయాలి. వెనక వైపు ఒక్క నియమం. అసలుదంతా అదే. గెలిచాక సైన్యాన్ని ఒక పూట కోటలో ఉంచాలి. గుడారం బొమ్మ నొక్కితే పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పుతారు. నొక్కకుండా కదిలితే నేర్చుకున్నది పలచనైపోతుంది. అప్పటికింకా ఆట పచ్చిగానే ఉంది. తెర మీద గుడారం బొమ్మ ఉంది కానీ, దాని కింద పేరు లేదు. అది దేనికో చెప్పేది ఆ వెనక పేజీ ఒక్కటే.

శుక్రవారం వచ్చింది. చదవడం మొదలుపెట్టాను. మధ్యమధ్య చలోక్తులు వేశాను. పదిమందీ నవ్వారు. ముందు వైపు అయిపోయింది. బొటనవేలికి కాగితం అంచు తగిలింది. తిప్పాలి. తిప్పలేదు.

మర్చిపోయానని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. నవ్వుల్లో పడి మర్చిపోయాడు, కుర్రాడు, ఏం చేస్తాం. కానీ ఆ అంచు నా బొటనవేలికి ఇంకా తగులుతూనే ఉంది. మర్చిపోయినవాడికి అంచు గుర్తుంటుందా?

"అంతే. ఇక కొట్టుకోండి" అన్నాను.

గోడ దగ్గర శ్రీశైలం కదిలాడు. నోరు విప్పకూడదు కాబట్టి విప్పలేదు. కుడిచెయ్యి కొంచెం ఎత్తి, అరచెయ్యి వెల్లకిలా చేసి, మళ్ళీ బోర్లా తిప్పాడు. తిప్పన్నా అని. నేను చూశాను. చూశానని అతనికి తెలియకముందే గట్టిగా అన్నాను: "శ్రీశైలానికి ఆకలేస్తోందండీ, దోశ తిరగేయమంటున్నాడు."

గది మొత్తం నవ్వింది. వసుధ గారు కూడా నవ్వుతూ, "శ్రీశైలం, సైగలు కుదరవు" అన్నారు. అతను చెయ్యి దించేశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను చేయాల్సిందేమీ లేకపోయింది. ఆటే చేసుకుపోయింది. మొదటి యుద్ధం గెలిచారు, కొత్తవాళ్ళని చేర్చుకున్నారు, వెంటనే కదిలారు. నక్షత్రాలు రాలిపోయాయి. మళ్ళీ గెలిచారు, మళ్ళీ రాలిపోయాయి. గుడారం బొమ్మని ఒక్కరూ ముట్టుకోలేదు. "ఇదేం ఆటండీ, గెలిచినకొద్దీ తగ్గిపోవడం?" అని మార్కెటింగ్ అమ్మాయి విసుక్కుంది. "మన అప్రైజల్ లాగే ఉంది కదా" అన్నాను. ఆ రోజంతటికీ అతిపెద్ద నవ్వు దానికే వచ్చింది. ఎవరికి వచ్చింది? నాకు. లెక్క సరిపోయింది. శ్రీశైలం గోడ దగ్గర గంటన్నర నిలబడి, నియమం ప్రకారం అన్నీ రాసుకున్నాడు.

అయిపోయాక లిఫ్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. కోపంగా కాదు. అలా అయినా బాగుండేది.

"అన్నా, వెనక పేజీ చదివినవా?"

ఇక్కడైనా ఆగిపోయి ఉండొచ్చు. లేదు, తిప్పలేదు, సారీ, ఇంకోసారి పరీక్ష పెట్టమని ఇద్దరం అడుగుదాం. అంతే, పదిహేను సెకన్ల పని. లిఫ్టు వచ్చేలోపు అయిపోయేది.

"చదివాను కదా" అన్నాను.

"ఎప్పుడు?"

"చివర్లో. అప్పటికే అందరూ నవ్వుతున్నారు. ఎవరికి వినబడిందో ఏమో."

అతను నా మొహంలోకి చూశాడు. నేను నమ్మకంగానే ఉన్నాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

"నాకు గూడ ఇనవడలే అన్నా. పరేషాన్ల ఉన్న గదా, చెవులు మూస్కపోయినట్టున్నయ్." అరచెయ్యి మళ్ళీ అలాగే తిప్పి చూపిస్తూ, "చెయ్యి గూడ ఊపిన నేను" అన్నాడు.

"దోశ అనుకున్నాను."

నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "తప్పు నాదేలే. గంత ముఖ్యమైన ముచ్చట వెనక పేజీల రాస్తరా ఎవరన్న?"

తను విన్నదాన్ని తనే నమ్మకుండా చేశాను. పేజీ తిప్పకపోవడం ఒక తప్పు. అది క్షణంలో జరిగింది. ఇది మాత్రం అతని కళ్ళలోకి చూస్తూ తీరిగ్గా చేశాను. ఈ రెండింటిలో ఏది పెద్దదని నన్నడిగితే, ఐదేళ్ళుగా జవాబు ఒకటే.

తర్వాత అతను వసుధ గారి దగ్గరికి వెళ్ళి, అన్న చదివిండు, నేనే సరిగ రాయలేదు అని చెప్పి వచ్చాడు. నా అబద్ధానికి సాక్ష్యం కూడా అతనే చెప్పాడు. ఆవిడ అన్యాయంగా ఏమీ అనలేదు. అంత ముఖ్యమైన నియమం ఒకసారి చదివితే తలకెక్కనప్పుడు ఆటగాళ్ళకి ఎలా ఎక్కుతుందన్నారు. తర్వాతి వారమే ఆటని పైవాళ్ళకి చూపించాలి, ఇంకో పరీక్షకి సమయం లేదు. నా పాత లెక్కలే ఉండిపోయాయి. పోస్టు నాకు వచ్చింది. కాంట్రాక్టు అయిపోయాక శ్రీశైలం వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు కాగితాలన్నీ చించి బుట్టలో వేస్తూ, ఆ శుక్రవారం కాగితం ఒక్కటీ నాకిచ్చాడు. "నీకు పనికొస్తదేమో ఉంచుకో అన్నా."

ఇప్పుడు కొండాపూర్‌లో ఒక కంపెనీలో కొత్త టెస్టర్లకి పని నేర్పుతున్నాడట. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళు తొందరగా మానెయ్యరని విన్నాను. విన్నప్పుడు ఏమనిపించిందో ఊహించండి. అయ్యో పాపం అనా? కాదు. మళ్ళీ మంటే. అన్యాయం చేసినవాడికి అసూయ పడే హక్కు కూడా ఉండదనుకుంటాం. హక్కు లేకపోయినా వస్తుంది. ప్రతి దసరాకీ శుభాకాంక్షలు పంపిస్తాడు, చివర అన్నా అని పెట్టి. నేను ఒక నవ్వు బొమ్మ పంపిస్తాను. నా సంతకం అదే కదా.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, వాయిదా మీద వాయిదా పడి, ఈమధ్యే ఆట బయటికి వచ్చింది. ఆటగాళ్ళు మొదటి గంటలో ఏం చేస్తున్నారో తెలుసా? ఊళ్ళ మీద పడి రైతులని కొడుతున్నారు. శ్రీశైలం చెప్పినట్టే. ఒక్క సిపాయి ఎదురు రాకుండానే శూరులైపోతున్నారు. ఫిర్యాదులు గుట్టలుగా వచ్చాయి. అనుభవం పద్ధతి మొత్తం మార్చాలన్నారు వసుధ గారు. ఆ మీటింగులో నోరు దానంతటదే తెరుచుకుంది. "గెలిచాక ఒక పూట కోటలో ఉంచితే? పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పేలా?"

ఆవిడకి గుర్తులేదు. ఈ ఐదేళ్ళలో ఆవిడ ఎన్ని శుక్రవారాలు చూసుంటారు! "ఎంత బాగుందండీ! మీ బుర్ర మామూలుది కాదు" అన్నారు.

ఆ మాట కోసమే కదా ఇదంతా. ఆ క్యాంటీన్‌లో నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చి నా ఒళ్ళో పడింది. పడగానే ఏమైంది? ఇది అతనికి రావలసిన మాట అనిపించింది. వెంటనే, ఇప్పుడు ఈ గదిలో లేకపోయినా ఇది అతనికే వచ్చిందనిపించింది. మళ్ళీ అసూయ. మెప్పు నా చేతిలో ఉండగానే, మనిషి ఎదురుగా లేకుండానే. అప్పుడు కొంచెం భయమేసింది. మందుల షాపులో దీనికి మాత్ర లేదు.

అయినా మూడు వారాలు నోరు మూసుకున్నాను. అది కూడా రాసుకోండి.

నిన్న మధ్యాహ్నం శ్రీశైలానికి మెసేజ్ పెట్టాను. "వెనక పేజీ ఆ రోజు నేను చదవలేదు. మర్చిపోలేదు, కావాలనే తిప్పలేదు. నీ చెవులు బాగానే ఉన్నాయి." చివర నవ్వు బొమ్మ పెట్టాను. తీసేశాను. పంపాను. చదివినట్టు చూపిస్తోంది. జవాబు రాలేదు. రావాలని లేదు. వస్తే ఏం రావాలో కూడా నాకు తెలియదు. పర్లేదన్నా అంటాడేమోనన్నదే నా అసలు భయం.

ఈ రోజు శుక్రవారం. పదకొండింటికి పరీక్ష. ఆలోచన నా పేరు మీద ఉంది కాబట్టి, నియమం ప్రకారం గోడ దగ్గర నిలబడేది నేను. మాట్లాడకూడదు. సైగ చేయకూడదు. ఒక్క జోకు కూడా వేయకూడదు. చదివేది వసుధ గారు. ఆవిడ ఏ కాగితమూ ముందుగా చూడరు, ఆడేవాళ్ళతో పాటే మొదటిసారి చదువుతారు. పొద్దున్నే వెళ్ళి ఇచ్చేశాను. ఫైల్లో పెట్టుకున్నారు. ఇక నా చేతిలో లేదు.

గుడారం గురించి రాశాను, కోటల గురించి రాశాను. వాటికంటే పైన, మొట్టమొదటి వరసలో రాసింది ఇది: ఈ పద్ధతి శ్రీశైలంది. ఐదేళ్ళ కిందట దీన్ని ఇదే గదిలో పరీక్షించినప్పుడు, అసలు నియమాన్ని నేను కావాలనే చదవలేదు.

పోస్టు ఉంటుందో పోతుందో తెలియదు. ఇప్పుడు పదిన్నర. కడుపులో మంట అలాగే ఉంది, చేతులు మాత్రం తేలిగ్గా ఉన్నాయి. అంతా ఒకే వైపు పట్టేలా రాశాను. వెనక పేజీలో ఏమీ లేదు.